తొర్రకి ఒకటి

మా బావని అందరూ నిచ్చెన అంటారు. బుద్ధెరిగాక ఒక్కసారి కూడా నిచ్చెన వాడలేదు కాబట్టి ఆ పేరు పెట్టారు. చేతిలో తాడు, నడుముకి తోలు పట్టీ, భుజానికి గుడ్డ సంచి, అంతే సరంజామా. నలభై అడుగుల మానునైనా మాట్లాడుకుంటూ ఎక్కేసేవాడు. కిందనుంచి ఏదైనా అడిగితే, ఒక చెయ్యి తొర్రలో ఉంచుకునే పైనుంచి తాపీగా జవాబు చెప్పేవాడు. ఆయన పని చిలుకలు పట్టడం. నా పని పంజరాలు అల్లడం. మా అక్కని ఆయనకిచ్చి చేసిన మాట నిజమే గానీ, మా రెండిళ్లనీ కలిపి ఉంచింది పెళ్లికన్నా ఎక్కువగా చిలుకే. ఆయన పట్టకపోతే నా ఇనుప తీగ మూలన పడి తుప్పు పడుతుంది.

ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే చిలుకలు పట్టేవాళ్లని తిట్టందే పొద్దుపోనివాళ్లు చాలామంది ఉన్నారు. తిట్టుకోండి, నాకేం. వాళ్లలో సగంమంది వసారాల్లో నేను అల్లిన పంజరమే వేలాడుతోంది.

బావకి రెండు నియమాలుండేవి. రెండూ వాళ్ల నాన్న దగ్గర్నుంచి వచ్చినవే. మొదటిది, తొర్రకి ఒక పిల్లని వదలాలి. నాలుగుంటే మూడు తియ్యి, మూడుంటే రెండు తియ్యి, ఒక్కటే ఉంటే చెయ్యి వెనక్కి తీసుకుని దిగిపో. రెండోది, ఒకసారి చెయ్యి పెట్టిన తొర్రలోకి ఆ ఏడు మళ్లీ తొంగి చూడకూడదు. మనిషి రెండోసారి వస్తే తల్లి ఆ గూటిని వదిలేస్తుందని ఆ పెద్దాయన నమ్మకం. మిగతా చిలుకలవాళ్లు కొమ్మలు నరికేవాళ్లు, జిగురు పూసేవాళ్లు, తొర్ర మొత్తం ఊడ్చుకుపోయేవాళ్లు. బావ వాళ్లతో కలబడ్డ రోజులు కూడా ఉన్నాయి. ఒకసారి ముందు పన్ను ఊడగొట్టుకుని ఇంటికొచ్చాడు. అవతలివాడికి రెండు ఊడాయని అక్కకి ఎంతో తృప్తిగా చెప్పాడు.

అడవి ఆఫీసువాళ్లకి ఆ మొదటి నియమం తెగ నచ్చింది. ఒక రేకుకి పసుపు రంగు వేయించి, 'తొర్రకి ఒకటి వదలండి' అని నల్లటి అక్షరాలతో రాయించి, ఆఫీసు వరండాలో వేలాడదీశారు. వేలాడదీసిన తీగ నాదే. పర్మిట్ కోసం వచ్చిన ప్రతివాడూ దాని కిందనుంచే లోపలికి వెళ్లాలి. బోర్డు మీద పేరు లేదు గానీ అదెవరి మాటో అందరికీ తెలుసు. బావ ఆ వరండాలోకి వెళ్లినప్పుడల్లా తలెత్తి దాన్ని చూసేవాడు కాదు. చూడటం లేదని మనకి తెలిసేలా మాత్రం నడిచేవాడు.

ఆ ఆఫీసువాళ్లు ఏటా పర్మిట్లు ఇచ్చేది మంద ఎంతుందో చూసి. మంద లెక్క చెప్పేది బావ. చలి మొదలయ్యే వారంలో వరసగా మూడు సాయంత్రాలు పాత మిల్లు డాబా ఎక్కి కూర్చునేవాడు. మిల్లుకి ఎదురుగా రెల్లు మడుగు ఉంది. చుట్టుపక్కల చిలుకలన్నీ తల దాచుకునేది అందులోనే, వాటిలో ముప్పాతిక భాగం ఆఫీసువాళ్లు బావకి వాటాగా రాసిచ్చిన చెట్ల మీద పుట్టినవే. రెల్లులోకి దిగే ముందు మిల్లు పక్కనున్న కరెంటు తీగల మీద వాలి, చోటు కోసం కాసేపు కొట్టుకుంటాయి. బావ కుడి జేబు నిండా ఎండు గింజలు పోసుకుని, పది చిలుకలకి ఒక గింజ చొప్పున ఎడమ జేబులోకి మార్చేవాడు. మూడు రోజుల్లో ఏది ఎక్కువైతే అది పుస్తకంలో రాసేవాడు. తొమ్మిది వందలు. మరుసటి ఏడు తొమ్మిది వందల పది. ఆ మరుసటి ఏడు ఎనిమిది వందల తొంభై. మళ్లీ తొమ్మిది వందలు. నేను ఎన్నోసార్లు పక్కన కూర్చున్నాను కాబట్టి చెప్తున్నాను, ఆ లెక్కలో ఒక్క చిలుక కూడా అబద్ధం లేదు.

మేం తీసుకుంటున్నాం, అవి మళ్లీ పుడుతున్నాయి, మంద తగ్గలేదు, ఇక తప్పేముంది అని బావ వాదం. ఆ పుస్తకం ముందు పెడితే ఎవరి నోరూ లేచేది కాదు. పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా వచ్చి, పేజీలు తిప్పి, తలూపి, నీళ్లు తాగి వెళ్లిపోయేవాళ్లు.

మా అక్క పని ఇంట్లో. వంటింటి వెనక చిన్న గది, దాంట్లో చెక్కపెట్టెలు, ఒక్కో పెట్టెలో గుడ్డపీలికల మీద పిల్లలు. మూడు గంటలకోసారి పల్చటి జావ కాచి, చెక్క చెంచాతో ఒక్కోదాని నోట్లో పోసేది. గొంతు కింద సంచి ఉబ్బిందో లేదో వేలితో తడిమి చూసి, రెండోదాని దగ్గరికి వెళ్లేది. ఆ నెలన్నర మా అక్కతో మాట్లాడాలంటే ఆ గది గుమ్మంలో నిలబడి మాట్లాడాల్సిందే. నేను మాట్లాడేవాణ్ణి, ఆవిడ వినేది కాదు.

చిలుకలు కొనే టోకు వ్యాపారి మొదట్లో పిల్ల ఏ సైజుదైనా పట్టుకుపోయేవాడు. పన్నెండేళ్ల కిందట ఆ వ్యాపారి పోయి కొత్తవాడొచ్చాడు. ఆయన ఈకలు లేచినవి తప్ప ఒప్పుకోనన్నాడు. చిలుక గుడ్లన్నీ ఒక్కరోజున పగలవు. ఒక్కోటి రెండేసి రోజుల తేడాతో బయటికొస్తాయి. అందుకని ప్రతి తొర్రలోనూ అన్నిటికన్నా పెద్దది ఒకటి, కడగొట్టుది ఒకటి ఉంటాయి. కొత్త వ్యాపారి మాట విన్నాక బావ పెద్దవాటిని తీసి కడగొట్టుదాన్ని వదలడం మొదలుపెట్టాడు. అంతకుముందు చేతికి ఏది తగిలితే అది వదిలేవాడు. ఎలాగూ ఒకటి వదలాలి, ఆ ఒకటీ చిన్నదైతే ఎవరికి నష్టం అనుకున్నాడు. నాక్కూడా అది తెలివైన పనిగానే తోచింది.

వాళ్లకి ఒక్కతే కూతురు. ఆ అమ్మాయి నాలుగేళ్లు బట్టలు కుట్టే దుకాణంలో పనిచేసి, ఒకరోజు కత్తెర అక్కడే పెట్టేసి ఇంటికొచ్చి, నేను చెట్లెక్కుతానంది. చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. ఆడపిల్ల మానులెక్కితే దాన్నెవరు చేసుకుంటారని ఒకావిడ నా కొట్టుకే వచ్చి దీర్ఘాలు తీసింది. ఎక్కడం చేతకానివాడెవడూ చేసుకోడు, దరిద్రం వదిలింది అన్నాను. ఆవిడ మళ్లీ నా కొట్టు మెట్లెక్కలేదు. బావ సంతోషం మాత్రం చూసి తీరాలి. పైకి ఏమీ అనలేదు. కొత్త తోలు పట్టీ కుట్టించి తెచ్చి, గుమ్మం పక్క మేకుకి తగిలించి, చూడనట్టు లోపలికి వెళ్లిపోయాడు.

మూడేళ్లలో ఆ అమ్మాయి తండ్రికన్నా వేగంగా ఎక్కడం నేర్చుకుంది. మాట మాత్రం తల్లి పోలిక, తక్కువ. ఇంకో రెండేళ్లలో చెట్ల వాటా దాని పేరున రాయించేసి తను మిల్లు డాబా మీద కూర్చుంటానని బావ అనేవాడు.

మూడో ఏడు ఆ అమ్మాయి ఒక తొర్ర దగ్గర గుడ్డ సంచి మరిచిపోయి వచ్చేసింది. పది రోజుల తర్వాత అటువైపు పని పడి, ఎక్కి తీసుకుంది. ఎక్కాక కన్ను లోపలికి పోకుండా ఉంటుందా. వదిలిన పిల్ల ఎండిపోయి అడుగున పడి ఉంది.

ఇంటికొచ్చి భోజనాల దగ్గర చెప్పింది. నేనూ ఉన్నాను. బావ ముద్ద పళ్లెంలో పెట్టేశాడు.

"తీసిన తొర్రలోకి చూడొద్దని చెప్పానా లేదా?"

"సంచి కోసం ఎక్కాను నాన్నా."

"సంచి పోతే ఇంకోటి కుట్టుకుంటాం. పనిగట్టుకుని రెండోసారి వెళ్లి గూడు పాడు చేశావు."

పిల్ల అప్పటికే చచ్చిపోయి ఉందని అది నసిగింది. బావ చెవిన పెట్టలేదు. ఎక్కడైనా ఒకటీ అరా పోతాయి, దానికింత రాద్ధాంతం దేనికని లేచి చెయ్యి కడుక్కున్నాడు. కూతుర్ని ఆయన గద్దించడం అదే మొదటిసారి. మా అక్క ఇద్దరి వైపూ చూసి, జావ మాడుతోందని లోపలికెళ్లిపోయింది.

మర్నాడు ఆ అమ్మాయి నా కొట్టుకొచ్చింది. పొడుగాటి గట్టి తీగకి చివర చిన్న అద్దం బిళ్ల బిగించి ఇమ్మంది. ఎందుకని నేను అడగలేదు, అది చెప్పలేదు. ఎందుకో తెలియకపోవడానికి నేనేం పసివాణ్ణి కాను. నాకెందుకులే అనుకున్నాను. నాకెందుకులే అనుకోవడం నాకు బాగా వచ్చిన విద్య. అద్దం వంగేలా మెడ పెట్టి, పిడికి గుడ్డ చుట్టి ఇచ్చాను.

వారం తిరిగేసరికి ఇరవై ఆరు తొర్రలు చూసింది. ఇరవై మూడింటిలో పిల్ల ఎండిపోయి ఉంది. రెండింటిలో ఏమీ లేదు. ఒక్క తొర్రలో మాత్రం బతికి ఉంది, ఆ తొర్రలో బావ పొరపాటున రెండు వదిలాడట.

ముందు తల్లికి చెప్పింది. గుమ్మంలో నిలబడి నేనూ విన్నాను. మా అక్క చెంచా దింపకుండానే చెప్పుకొచ్చింది. కడగొట్టుది ఒంటరిగా ఉంటే నా గదిలో కూడా బతకదే. దానికి ఒంటి మీద నూగు కూడా ఉండదు. పెద్దవాటి మధ్య పెడితేనే వెచ్చబడుతుంది. వేరే పెట్టెలో పెడితే తెల్లారేసరికి బిగుసుకుపోతుంది. ఇవన్నీ మాకు కొత్త సంగతులు, ఆవిడకి పాతికేళ్ల సంగతులు.

"తెలిసీ నాన్నకెందుకు చెప్పలేదమ్మా?" అంది మేనకోడలు.

"నన్నెవరడిగారు? తొర్రలో తల్లి ఉంటుంది కదా, అదే చూసుకుంటుందిలే అనుకున్నాను."

తల్లి తిండికి పోతుంది. పెద్దవి ఉంటే అవే ఆ కాసేపూ చిన్నదాన్ని కాచుకుంటాయి. పెద్దవన్నీ మా అక్క గదిలో ఉంటే, తొర్రలో ఇంకెవరున్నారు? ఈ మాట ఎవరం పైకి అనలేదు. ఆవిడ ఇంకో పిల్ల నోట్లో చెంచా పెట్టింది, పెట్టక తప్పదు కదా.

బావ ఈసారి కోప్పడలేదు. పుస్తకం తెచ్చి కూతురి ముందు పెట్టాడు. పన్నెండేళ్లుగా వదిలిన పిల్లలన్నీ చస్తుంటే మంద తొమ్మిది వందల దగ్గర ఎలా నిలబడింది, చెప్పు అన్నాడు. అమ్మాయి పేజీలు వెనక్కి తిప్పి ఆ అంకెలన్నీ ఒక్కొక్కటే చదువుకుంది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మంచి ప్రశ్న. బావ పుస్తకం మూసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఎప్పుడూ వేసేవాడు కాదు.

చలి మొదలైంది. లెక్క వారం వచ్చింది. మేమిద్దరం మిల్లు డాబాకి బయల్దేరుతుంటే అమ్మాయి గుమ్మం దాకా వచ్చింది.

"ఈసారి మెడలు చూడు నాన్నా" అంది.

మా పనిలో లేనివాళ్ల కోసం చెప్తున్నాను. మగ చిలుక మెడ చుట్టూ ఎర్రటి గీత ఉంటుంది. దాన్ని కంటె అంటాం. ఆడదానికి అది ఎప్పటికీ రాదు. మగదానికైనా మూడో ఏడు వస్తే గానీ రాదు. అంటే కంటె లేని చిలుక కనిపిస్తే అది ఆడదైనా కావాలి, లేదా చిన్నదైనా కావాలి. ఇది చిలుకలు పట్టేవాడి ఇంట్లో పసిపిల్లలకి కూడా తెలుసు. బావకి తెలుసు. కానీ గుంపుని లెక్కపెట్టేటప్పుడు ఆయన తలలు లెక్కపెట్టేవాడు, మెడలు కాదు.

ఆ సాయంత్రం ఎండ ఏటవాలుగా తీగల మీద పడుతోంది. చిలుకలు వచ్చి వాలాయి. బావ ఒక చివరనుంచి వంద పక్షుల్ని తీసుకుని, కంటె ఉన్నదానికల్లా ఒక గింజ మార్చాడు. అయ్యాక గింజలు అరచేతిలో పోసుకుని లెక్కపెట్టాడు. నలభై తొమ్మిది. ఇంకో వంద చూశాడు. యాభై. మూడో వంద చూడలేదు.

నాకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. వందలో యాభై మగవి పెద్దవైతే, మిగిలిన యాభై వాటి పెళ్లాలు. మరి పిల్లలేవి?

"పిల్లల్లేరురా" అన్నాడు బావ. "అన్నీ మొగుడూ పెళ్లాలే."

చిలుక ఇరవై ఏళ్లకి పైగా బతుకుతుంది. పన్నెండేళ్లుగా మేం లెక్కపెడుతున్నది ఆ తొమ్మిది వందల పక్షుల్నే, ఏటా వాటినే, ఏటా ఒక ఏడు ముసలివైన వాటిని. మంద తగ్గలేదంటే మళ్లీ పుట్టి కాదు, ఇంకా చావక. బావ గింజల్ని కుడి జేబులో పోసుకున్నాడు. ఆయన మొహం చూడలేక నేను మడుగు వైపు చూశాను. దిగేటప్పుడు, ఈ మాట ఎవరితోనూ అనకు అన్నాడు. సరే అన్నాను.

ఇక్కడే నాకు ఆయన మీద ఒళ్లు మండుతుంది. ఇప్పటికీ మండుతుంది. మోకాళ్లు పట్టేశాయని వంక పెట్టి, రెండేళ్లు ఆగుతానన్నవాడు ఆ నెలలోనే చెట్ల వాటా కూతురి పేరున రాయించాడు. నీకెలా తోస్తే అలా చేసుకోమన్నాడు. నిజం మాత్రం ఆఫీసులో చెప్పలేదు. పుస్తకంలో ఎనిమిది వందల తొంభై అయిదు అని రాసి ఇచ్చాడు. పసుపు బోర్డు అక్కడే వేలాడుతూ ఉంది, మిగతా చిలుకలవాళ్లు దాని కిందనుంచి వెళ్లి పర్మిట్లు తెచ్చుకుని, కడగొట్టుదాన్ని వదిలేసి పెద్దవాటిని తెచ్చుకుంటూనే ఉన్నారు. ముప్పై ఏళ్ల పేరు ఆయనది. దాన్ని తన నోటితో చెరుపుకోలేకపోయాడు. నేను మాత్రం చెప్పానా? నా పంజరాలు నాకున్నాయి.

మేనకోడలు పద్ధతి మార్చింది. తండ్రి నియమాన్ని తిరగేసింది. తొర్రలో కడగొట్టుదాన్ని తీసి, పెద్దవాటిని వదిలేసింది. ఎలాగూ చచ్చేదాన్ని తెచ్చి అమ్మ చేతిలో పెడితే అది బతుకుతుంది, బతికేవి అక్కడే బతుకుతాయి. వినడానికి ఇంత తేలిక. మా అక్క నడుం విరిగింది. నూగు కూడా లేని గులాబీరంగు పిల్లలు, గంటకోసారి జావ, అన్నిటినీ కుప్పగా ఒకే పెట్టెలో పడుకోబెట్టడం. ఇదివరకు ఇంటికి నూట యాభై పిల్లలొచ్చేవి, ఇప్పుడు అరవై కూడా రావు. వ్యాపారి మొహం మాడ్చుకున్నాడు. నా కొట్టులో పంజరాలు దొంతర్లుగా మిగిలిపోయాయి. నేను ఎలుకబోనులు అల్లడం మొదలుపెట్టాను. ఎలుకలకేం కొరత.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ముసలి చిలుకలు రాలడం మొదలైంది. పన్నెండేళ్లు ఆగినవన్నీ ఒక్కసారే వయసైపోయినట్టు, ఏడాదికింత చొప్పున పోయాయి. మంద ఎనిమిది వందల అరవైకి దిగింది. తర్వాత ఏడు వందల అరవై. ఆరు వందల నలభై. నాలుగో ఏడు అయిదు వందల నలభై.

ఇక చూడండి. తండ్రి చేతుల్లో ముప్పై ఏళ్లు తొమ్మిది వందలు నిలబడింది, ఈ పిల్ల చేతికొచ్చిన నాలుగేళ్లలో సగం ఊడ్చేసింది అన్నారు. కడగొట్టువాటిని కూడా వదలకుండా పీక్కొస్తోందట, నియమం తప్పిందట. పక్క వాటావాడు మరీ రెచ్చిపోయాడు. ఎప్పుడో బావ చేతిలో రెండు పళ్లు ఊడగొట్టించుకున్నది వీడే. వీడు ఆఫీసుకి కాగితం పెట్టాడు, ఆ అమ్మాయి పర్మిట్ తీసేసి చెట్లు తనకివ్వాలని. తొర్రకి ఒకటి వదిలే మనిషికే చెట్లు దక్కాలని రాశాడట, సిగ్గులేకుండా.

ఆఫీసులో విచారణ పెట్టారు. పెద్దమనిషిగా లెక్క చెప్పమని బావకి కబురొచ్చింది. అంటే కూతురి చెట్లు ఉండాలో పోవాలో చెప్పవలసింది ఆయనే. అమ్మాయి ముందురోజు నా కొట్టుకొచ్చింది.

"మావయ్యా, రేపు నువ్వు నోరు తెరవకు" అంది.

"నీ చెట్లు పోతాయే."

"పోతే మళ్లీ కుట్టుపనికి పోతాను. ఆ బోర్డు నాన్నది. నేనుగా దాని మీద చెయ్యి వెయ్యను."

సరే, తెరవనని మాటిచ్చాను. నోరు పారేసుకోవడమే తప్ప, అలాంటి మాటకి జవాబు చెప్పడం నాకు రాదు. పొద్దున బయల్దేరేటప్పుడు మా అక్క బావకి చొక్కా అందిస్తూ ఒకే మాట అంది, నా గదిలో ఉన్నవాటిని చూసి వెళ్లు అని. ఆయన గుమ్మంలో నిలబడి ఆ గులాబీరంగు కుప్పని చూసి, చెప్పులేసుకున్నాడు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు.

ఆఫీసు గది చిన్నది. ఒక బల్ల, దాని వెనక ఆఫీసరు, గోడవారగా బెంచీలు, వాటి మీద మిగతా చిలుకలవాళ్లూ వ్యాపారీ, పైన కిర్రుకిర్రుమనే ఫ్యాను. పక్క వాటావాడు కాగితం చదివించాడు. ఆఫీసరు అమ్మాయిని అడిగాడు, కడగొట్టువాటిని తీస్తున్న మాట నిజమేనా అని. నిజమే అంది. ఎందుకని అడిగితే తండ్రి వైపు చూడకుండా నేల వైపు చూసింది. ఆఫీసరు ఏదో రాసుకున్నాడు. ఎవడో వెనకనుంచి నవ్వాడు. నా పిడికిలి బిగుసుకుంది గానీ మాటిచ్చి ఉన్నాను.

తర్వాత బావని పిలిచారు. లేచి వెళ్లి పుస్తకం బల్ల మీద పెట్టాడు. ఈ ఏడు ఎంత అని అడిగితే అయిదు వందల నలభై అన్నాడు. మీ అమ్మాయి తీసుకునేనాటికి ఎంత అని అడిగితే ఎనిమిది వందల తొంభై అయిదు అన్నాడు. ఆఫీసరు పెన్ను పెట్టేసి నిట్టూర్చాడు, పాపం ఆయనకీ బావంటే గౌరవమే. ఇంకేం చెప్పాలి మీరే అన్నాడు.

"పెన్సిలు గీతలు కూడా చూడండి" అన్నాడు బావ.

ఆఫీసరు పుస్తకం తనవైపు తిప్పుకున్నాడు. నేను కూడా బెంచీ మీంచి లేచి చూశాను. చివరి అయిదేళ్ల లెక్కల పక్కన సన్నగా, ఎవరికీ కనబడకూడదన్నట్టు పెన్సిలు అంకెలున్నాయి. నలభై తొమ్మిది, నలభై ఏడు, నలభై రెండు, ముప్పై ఏడు, ముప్పై రెండు. నాకు తెలియదు. నాకే తెలియకుండా ఏటా ఆ డాబా మీద మెడలు కూడా లెక్కపెడుతున్నాడు మా బావ.

అవి వందకి కంటె ఉన్నవాటి లెక్క అని చెప్పాడు. గొంతు మామూలుగానే ఉంది, చెట్టు మీదనుంచి జవాబు చెప్పేటప్పటిలాగే. ఈ ఏడు ముప్పై రెండు మగవి. ముప్పై రెండు వాటి ఆడవి. మిగిలిన ముప్పై ఆరూ చిన్నవి, ఈ రెండు మూడేళ్లలో పుట్టినవి. అయిదేళ్ల కిందట నేను చూసినప్పుడు వందకి ఒక్కటి కూడా చిన్నది లేదు. పన్నెండేళ్లు నేను వదిలిన ఒక్కటీ చస్తూ ఉంది. నేను చూడలేదు. చూడకూడదని మా నాన్న పెట్టిన నియమం పట్టుకుని కూర్చున్నాను. చూసి చెప్పింది ఈ పిల్లే. అప్పుడే మీతో చెప్పాల్సింది, నాకు నోరు రాలేదు.

పక్క వాటావాడు, కూతుర్ని వెనకేసుకొస్తున్నాడు చూడండి అన్నాడు. బావ అతని వైపు తిరగలేదు. పుస్తకం మీద చెయ్యి పెట్టాడు.

"అయ్యా, తగ్గిన చిలుకలన్నీ నావి. ఉన్నవాటిలో పిల్లలన్నీ దానివి. ఎవరి పర్మిట్ తియ్యాలో మీరే చూసుకోండి."

ఫ్యాను తిరుగుతోంది. అమ్మాయి తలెత్తి తండ్రిని చూసింది, వెంటనే మళ్లీ నేల వైపు చూసింది.

ఆఫీసరు వెంటనే తేల్చలేదు, వాళ్లేనాడు తేల్చారు గనక. చెట్లు అమ్మాయి పేరునే ఉంచి, వచ్చే ఏడు ఎవరూ ఏ తొర్రలోంచీ తియ్యకూడదని మాత్రం కాగితం రాశాడు. అంటే నాకు వచ్చే ఏడంతా ఎలుకబోనులే. వ్యాపారి అక్కడే లేచి వెళ్లిపోయాడు. చాలామంది బావని పలకరించకుండా వెళ్లారు. ముప్పై ఏళ్లుగా ఆయన వరండాలో కనబడితే లేచి నిలబడిన మనుషులే.

బయటికొచ్చాక బావ బోర్డు కింద ఆగాడు. తలెత్తి నేరుగా చూశాడు. తర్వాత నా వైపు చెయ్యి చాపాడు, పటకారు కోసం. అది ఎప్పుడూ నా జేబులోనే ఉంటుంది. అందుకోవడానికి ఎత్తు చాల్లేదు. మోకాళ్లు నిజంగానే పట్టేశాయి ఈ మధ్య. అమ్మాయి లోపలికెళ్లి, గోడకి ఆనించి ఉన్న ఆఫీసువాళ్ల నిచ్చెన తెచ్చి నిలబెట్టింది. బావ ఒక నిమిషం దాన్ని చూశాడు. ఎక్కాడు. కూతురు కింద గట్టిగా పట్టుకుంది. రెండు మెలికలు విప్పి, బోర్డు చంకలో పెట్టుకుని దిగాడు. వద్దనడానికి ఎవరూ రాలేదు.

ఇప్పుడు ఆ రేకు మా అక్క గదిలో ఉంది. పిల్లల పెట్టెకి అడుగు ఊడిపోతే అదే పరిచింది. ఈ ఏడు పెట్టె ఖాళీగానే ఉంది గానీ, పోయిన ఏడు తెచ్చినవాటిలో ఎవరూ కొనని కుంటిది ఒకటి మిగిలిపోయింది, అది దాని మీదే పడుకుంటుంది. అక్షరాలు సగం దాని కిందకి పోయాయి. బావ రోజూ పొద్దున గుమ్మంలో నిలబడి దానికి మెడ చుట్టూ ఏమైనా కనిపిస్తోందా అని చూస్తాడు. ఇంకా రెండేళ్లు పడుతుందని ఆయనకి తెలుసు.